గడగడా చదివేస్తోంది సరే, అర్థమైందా?

[తెర మీద ఒకే వాక్యం]
డింబడు లోమికలో గజ్జురును పిరకించాడు.

వ్యాఖ్యానం: మూడు ప్రశ్నలు. పిరకించింది ఎవరు? డింబడు. ఎక్కడ? లోమికలో. దేన్ని? గజ్జురును. మూడుకు మూడు మార్కులు! మరి మీకేం అర్థమైంది? ఏమీ లేదు. ఆ మాటలు నేను కల్పించినవే.

చాలామంది పిల్లలు పాఠం కింద ప్రశ్నలకు జవాబులు రాసేది ఇలాగే. తెలుగులో ఇంకో చిక్కు. రాసినట్టే దాదాపు పలుకుతాం కాబట్టి, గుణింతాలు, ఒత్తులు వచ్చేస్తే తెలియని మాటనైనా గడగడా చదివేస్తారు. వినే అమ్మానాన్నలకు టెన్షన్ తీరిపోతుంది. మోసపోయేది అక్కడే.

[తెర మీద: అక్షరాలు చదవడం × భాష అర్థం కావడం]

1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు చదివి అర్థం చేసుకోవడాన్ని ఇలా గుణకారంగా చెప్పారు. కూడిక కాదు, గమనించండి. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే.

[దృశ్యం: అమ్మ, మూడో తరగతి పాప, పుస్తకం]

పాప: "రాత్రంతా వాన కురిసింది. తెల్లారగానే రంగయ్య నాగలి భుజాన వేసుకుని బయల్దేరాడు."
అమ్మ: ఎందుకే అంత పొద్దున్నే?
పాప: (వెతికి) ఇందులో లేదమ్మా.

వ్యాఖ్యానం: నిజమే, లేదు. వానకు నేల పదునెక్కుతుందని, అది ఆరకముందే దున్నాలని తెలిసిన పిల్లలకే రంగయ్య తొందర అర్థమవుతుంది. ఈ పాపకు తెలివి తక్కువై కాదు, నాగలిని బొమ్మలో తప్ప చూడలేదు. అదే లిఫ్ట్ మధ్యలో ఆగిపోయిన కథ ఇచ్చి చూడండి!

అందుకే చదివించే ముందు రెండు నిమిషాలు కబుర్లు చెప్పండి. తాతయ్య దున్నేవాడా? వాన పడితే మట్టి ఎలా ఉంటుంది? చదివాక "ఎవరు, ఎక్కడ" తగ్గించి "ఎందుకు, నీకెలా తెలిసింది" అని అడగండి. జవాబు పుస్తక భాషలో ఉండక్కర్లేదు. "పోయిండు" అన్నా "ఎల్లాడు" అన్నా కథ తన మాటల్లో చెబితే చాలు. అక్కడ తప్పులు దిద్దారో, మళ్లీ నోరు విప్పదు.

అక్షరాలు వచ్చేశాయి కదా అని కథలు చదివి వినిపించడం మాత్రం ఆపకండి. ఈ వయసులో తాము చదవగలిగిన దానికంటే కష్టమైన కథను కూడా వింటే అర్థం చేసుకుంటారు. కొత్త మాటలు చెవిన పడేది అప్పుడే.

[మళ్లీ అమ్మ, పాప]

అమ్మ: ఆ రాత్రి వాన పడకపోయుంటే?
పాప: పడుకునేవాడేమో. నేల గట్టిగా ఉంటది కదా!