పాత టూరింగ్ బండిలో పోయిన పికప్ వెనక్కి రావాలంటే: థండర్‌బర్డ్ 350తో చూద్దాం

నమస్తే అందరికీ. సెకండ్ హ్యాండ్‌లో టూరింగ్ బండి కొన్నవాళ్ళు నన్ను అడిగేది దాదాపు ఒకటే ఉంటుంది, అన్నా బండి 70 దాటట్లేదు, ఘాట్‌లో గుంజట్లేదు, ఏం పెట్టించమంటావ్, పొగని తేలిగ్గా వదిలే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ పెట్టించాలా, కార్బొరేటర్‌లో పెట్రోల్ వదిలే జెట్ పెద్దది వేయించాలా అని. నేను చెప్పేది ఏంటంటే, ఇప్పుడే ఏం పెట్టించకండి. పదేళ్ళు తిరిగిన బండిలో కంపెనీ ఇచ్చిన పవరే సగం దారిలో ఆగిపోతా ఉంటుంది, అది ఎక్కడ ఆగుతోందో ముందు పట్టుకుందాం.

ఇదిగో ఇది నా బండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350, 2013 మోడల్, నేను మూడో ఓనర్‌ని. 346 సీసీ, సింగిల్ సిలిండర్, రెండు ప్లగ్గులు, కార్బొరేటర్, 20 లీటర్ల ట్యాంక్. కొత్తగా ఉన్నప్పుడు పవర్ 5,250 ఆర్పీఎం దగ్గర 20 బీహెచ్‌పీకి కొంచెం తక్కువ, టార్క్ 4,000 దగ్గర 28 ఎన్ఎం. ఈ రెండు నంబర్లు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఉన్నదే 20 గుర్రాలు, అందులో మూడు నాలుగు ఎక్కడో పోయాయంటే రోడ్డు మీద వెంటనే తెలిసిపోతుంది. ఇంకోటి, ఈ బండి 80, 85 మీద రోజంతా హాయిగా పోతుంది, 110 మీద గంటలు గంటలు తోలడానికి చేసిన బండి కాదు, అది ఆశించి కొంటే ఎంత ఖర్చు పెట్టినా తృప్తి ఉండదు.

సరే పనిలోకి వెళ్దాం. ఇంజన్ ముట్టుకునే ముందు బండిని డబుల్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పండి. ఇలా. నాది ఇప్పుడు ఎలా తిరుగుతోందో చూడండి, రెండు మూడు రౌండ్లు వేసి ఆగింది. కొన్న రోజు అర రౌండ్‌కే ఆగేది, ప్యాడ్ డిస్క్‌ని పట్టుకునే ఉంది. కాలిపర్, అంటే ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం, దాని పిన్నులు ఎండిపోయి, పిస్టన్ చుట్టూ మట్టి గట్టిపడి, దానికి తోడు ఎవరో బ్రేక్ పెడల్ రాడ్ టైట్ చేసి పెట్టారు, పెడల్ ఆడటానికి కొంచెం కూడా ఖాళీ లేదు. అంటే నేను ఎక్సలేటర్ ఇస్తున్నా, వెనక బ్రేక్ కూడా వేస్తున్నా, రెండూ ఒకేసారి. పది కిలోమీటర్లు బ్రేక్ ఎక్కువ వాడకుండా తోలి ఆపి, రెండు డిస్కుల మీద నాలుగు నీటి చుక్కలు వేయండి, చెయ్యి మాత్రం పెట్టకండి. ఒకదాని మీద చుయ్‌మని ఆవిరైపోతే అక్కడ బ్రేక్ పట్టుకుంటోంది. కాలిపర్ విప్పి శుభ్రం చేయించి, పిన్నులకి బ్రేక్ గ్రీజు పెట్టించి, ఎలాగూ విప్పారు కాబట్టి డాట్ 4 ఆయిల్ కూడా కొత్తది పోయించండి, అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చాల్సిందే.

చైన్ కూడా అక్కడే ఉంది కదా, చక్రం మెల్లగా తిప్పుతూ ఒక్కో చోట చైన్‌ని వేలితో ఎత్తి చూడండి. దీనికి ఆడేది 25 నుంచి 30 ఎంఎం ఉండాలి, అదీ బాగా టైట్‌గా ఉన్న చోట కొలవాలి. ఒక చోట బిర్రుగా ఇంకో చోట వేలాడుతూ ఉంటే దాన్ని టైట్ చేస్తూ పోవడం దండగ, చైన్ స్ప్రాకెట్ సెట్ మొత్తం మార్చేయండి, చైన్ ఒక్కటే మారిస్తే అరిగిన పళ్ళు కొత్త చైన్‌ని కూడా తినేస్తాయి. మన హైదరాబాద్‌లో పుత్లీబౌలిలో, రాణిగంజ్‌లో స్పేర్ పార్ట్స్ షాపులు బోలెడు, కాకపోతే డబ్బా మీద పేరు చూసి కాదు, పాత పార్టు చేతిలో పట్టుకుని పోయి పక్కన పెట్టి పోల్చుకుని కొనండి.

టైర్ల విషయం తొందరగా చెప్పేస్తా. టైర్ గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి, 2318 అంటే 2018లో 23వ వారం తయారైంది. టైర్ మీద గాడులు ఎంత లోతు ఉన్నా ఆరేడేళ్ళు దాటిన రబ్బరు గట్టిపడిపోతుంది, వానలో ఘాట్ దిగేటప్పుడు దాన్ని నమ్మలేం. గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు సొంత గేజ్‌తో చూస్కోండి, వెనక మనిషి, సామాను ఉన్నప్పుడు నేను ముందు 22, వెనక 32 పీఎస్ఐ పెడతా.

ఇప్పుడు అసలు సంగతి, దీనికి టైం తీసుకుంటా, ఎందుకంటే నా డబ్బులు ఎక్కువ పోయింది ఇక్కడే.

కొన్న రెండో నెలలో మా ఆవిడని ఎక్కించుకుని శ్రీశైలం బయల్దేరా. దారిలో మన్ననూర్ వరకు ఏదో వచ్చింది. 60 వరకు బాగానే పోతుంది, ఆ తర్వాత ఎక్సలేటర్ ఎంత తిప్పినా అంతే, మిస్సింగ్ కూడా కొట్టదు, ఊరికే బరువుగా మూలుగుతుంది. డ్యామ్ దాటి పైకి ఎక్కేటప్పుడు సెకండ్ గేర్‌లోనే ఎక్కాం, వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతూనే ఉంది. తిరిగొచ్చాక ఒక మెకానిక్ బోరు పోయింది పిస్టన్ వేయాలన్నాడు, ఇంకొకాయన జెట్ పెద్దది వేశాడు, వేశాక పెట్రోల్ ఎక్కువ తాగింది, ప్లగ్గులు నల్లగా మసి పట్టాయి, పికప్ మాత్రం రాలేదు.

కారణం ఇదిగో, ఈ రబ్బరు ముక్క. డయాఫ్రం అంటారు. ఈ బండిలో ఉన్నది సీవీ కార్బొరేటర్, ఇందులో మనం ఎక్సలేటర్ తిప్పితే కేబుల్ ఒక బటర్‌ఫ్లై వాల్వ్‌ని మాత్రమే తెరుస్తుంది, లోపల ఉన్న స్లైడ్‌ని, దానికి వేలాడే నీడిల్‌ని పైకి లేపేది మన కేబుల్ కాదు, ఇంజన్ పీల్చే గాలి. ఆ పీల్పు ఈ డయాఫ్రం మీద పనిచేసి స్లైడ్ లేస్తుంది. దీనికి గుండుసూది మొనంత రంధ్రం పడితే పీల్పు జారిపోయి స్లైడ్ సగంలో ఆగిపోతుంది, ఇంజన్‌కి గాలీ అందదు పెట్రోలూ అందదు. నెమ్మదిగా తోలినంతసేపు సగం స్లైడ్ చాలు కాబట్టి సిటీలో ఏ తేడా తెలీదు, అమ్మేవాడు కాలనీలో రెండు రౌండ్లు ట్రయల్ ఇస్తే మనకి అనుమానం కూడా రాదు.

చూడటం చాలా ఈజీ. కార్బొరేటర్ పైన మూత స్క్రూలు విప్పండి, లోపల స్ప్రింగ్ ఉంటుంది ఎగిరిపోకుండా పట్టుకోండి, డయాఫ్రం తీసి మెల్లగా సాగదీసి లైటుకి ఎదురుగా పట్టండి. ఎక్కడైనా చుక్కలా వెలుగు కనిపించిందా, మార్చేయండి. దాని మీద కార్బ్ క్లీనర్ స్ప్రే మాత్రం కొట్టకండి, రబ్బరు ఉబ్బిపోయి మళ్ళీ గాడిలో కూర్చోదు. నేను కొత్తది వేసి, జెట్ మళ్ళీ కంపెనీ సైజుకి మార్పించా, అంతే, అదే రోజు బండి 90 మీద కూడా ఇంకా లాగుతా అంది. రెండు వేర్వేరు షాపుల్లో నాలుగు సార్లు చూపించిన బండి అది.

అక్కడే ఇంకో జాగా ఉంది, కార్బొరేటర్‌కి హెడ్‌కి మధ్య ఉన్న ఈ రబ్బరు మెడ. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలకి బండి బయట పెడితే ఈ రబ్బర్లు పగుళ్ళిస్తాయి. పగులు నుంచి అదనపు గాలి లోపలికి పోతే స్లో స్పీడ్ నిలకడగా ఉండదు, పెరుగుతుంది తగ్గుతుంది. ఇంజన్ ఇంకా వేడెక్కకముందే స్టార్ట్ చేసి రబ్బరు చుట్టూ డబ్ల్యూడీ 40 కొద్దిగా కొట్టండి, సౌండ్ మారిందంటే లీక్ అక్కడే. సైలెన్సర్ మీద పడనివ్వకండి, అంటుకుంటుంది.

పెట్రోల్ గురించి కూడా ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, మన పాత కార్బొరేటర్ బండ్లు దాన్ని లెక్కలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, బండి రెండు నెలలు కదలకుండా ఉంటే నీరు ట్యాంక్ అడుగున చేరుతుంది. వానాకాలం ఊరికే నిలబెట్టే వాళ్ళయితే కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే బౌల్ ఖాళీ చేసేయండి. పాత పెట్రోల్ పైపులు కూడా నలిపి చూడండి, మెత్తబడినా పగిలినా మార్చండి.

హైవే మీద అరగంట బాగా పోయి తర్వాత దమ్ము లేనట్టు ఆగిపోతోందా? పక్కకి తీసి ట్యాంక్ మూత తెరవండి. స్స్‌మని గాలి లోపలికి పోయి బండి మళ్ళీ మామూలుగా నడిచిందంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. పైసా ఖర్చు లేదు, శుభ్రం చేసుకోవడమే.

ఇంజన్ లోపలి సంగతి. ఇది యూసీఈ, అంటే ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే డబ్బాలో ఉన్న ఇంజన్, ఇందులో వాల్వులని తోసే టాపెట్లు హైడ్రాలిక్, అంటే వాటంతట అవే సర్దుకుంటాయి, ఎవరైనా టాపెట్ సెట్టింగ్ చేశా అని బిల్లు వేస్తే ఏం సెట్ చేశావో చూపించమని అడగండి. పొద్దున స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు టిక్‌టిక్ వచ్చి పోతే పర్లేదు, పోకుండా ఉంటే ముందు ఆయిల్ లెవెల్ చూడండి. ఆయిల్ 15డబ్ల్యూ50, టూవీలర్‌ది, డబ్బా మీద జాసో ఎంఏ అనే గ్రేడ్ రాసి ఉన్నదే. ఈ ఇంజన్‌లో ఆయిల్, క్లచ్ ఒకే చోట, కారు ఆయిల్ పోస్తే ప్లేట్లు జారతాయి. టాప్ గేర్‌లో 50 మీద ఉన్నప్పుడు ఒక్కసారి ఫుల్ ఎక్సలేటర్ ఇవ్వండి, సౌండ్ పెరిగి స్పీడ్ పెరగట్లేదంటే క్లచ్ జారుతోంది.

కంప్రెషన్ చెక్ చేయించేవాళ్ళు ఒకటి తెలుసుకోండి, దీనికి ఆటో డీకంప్రెసర్ ఉంటుంది, సెల్ఫ్ మీద తిరిగేటప్పుడు అది కొంత ప్రెషర్ వదిలేస్తుంది కాబట్టి గేజ్ తక్కువే చూపిస్తుంది. ఆ నంబర్ ఒక్కటి చూసి బోరు విప్పించకండి. నీలం పొగ వస్తోందా, ఆయిల్ తగ్గుతోందా, అవి చూడండి. అలాగే బ్యాటరీ వీక్‌గా ఉన్నప్పుడు సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టకండి ప్లీజ్, ఇంజన్ వెనక్కి తన్ని, సెల్ఫ్ మోటార్‌ని ఇంజన్‌కి కలిపే స్ప్రాగ్ క్లచ్ పోతుంది, అది పెద్ద పని. కిక్ ఉంది, కిక్ కొట్టండి. ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు, రైజ్ చేస్తే 14 చుట్టుపక్కల ఉండాలి. పాత ఓనర్ పెట్టిన ఫాగ్ లైట్లు ఉంటే వాటికి రిలే, అంటే ఎక్కువ కరెంటుని స్విచ్ మీద పడకుండా మోసే డబ్బా, ఉందో లేదో చూడండి, లేకపోతే పీకేయండి.

అన్నీ ఒకే రోజు చేసేస్తే ఏది పనిచేసిందో తెలీదు. ఒకటి మార్చండి, తోలండి, రాసుకోండి. నేనైతే మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా అనంతగిరి పోయొస్తా, ఆ మర్రిచెట్ల రోడ్డంటే నాకు ప్రాణం, పైగా వికారాబాద్ దాటాక చిన్న ఘాట్ ఉంది కాబట్టి బండి లాగుడు తెలుస్తుంది. పోయే ముందు అదే బంకులో ఫుల్ ట్యాంక్, వచ్చాక మళ్ళీ ఫుల్ ట్యాంక్. నాది లీటర్‌కి 26 ఇచ్చేది, ఇప్పుడు 34 ఇస్తోంది. తిరిగొచ్చి బండి చల్లారాక రెండు ప్లగ్గులు తీసి చూస్తా, ఇదిగో ఇటుక పొడి రంగు, నలుపూ లేదు తెల్లగా మాడిందీ లేదు.

ఈ ఆదివారం మళ్ళీ శ్రీశైలం, ఇద్దరం, అదే సామాను. వచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, దారిలో అమ్రాబాద్ అడవి గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. డ్యామ్ దాటాక ఆ ఎక్కుడు ఈసారి థర్డ్ గేర్‌లో ఎక్కుతుందో లేదో హెల్మెట్ కెమెరా పెట్టి కట్ చేయకుండా చూపిస్తా.