ఓటర్ కార్డు రివ్యూ: కార్డు బాగానే ఉంది, లిస్టు సంగతేంటి?

నమస్కారమండీ. ఈ చానల్లో ఇప్పటిదాకా మిక్సీలు చూశాం, ఇన్వర్టర్లు చూశాం, ఒకసారి చూడకూడని ఎయిర్ కూలర్ కూడా చూశాం. ఇవాళ డబ్బులు పెట్టి కొనే వస్తువు కాదు. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా... ఓటర్ కార్డు. నా ఫొటో చూసి నవ్వుకోండి, పర్లేదు, మా ఆవిడ రోజూ నవ్వుతుంది.

ఈ వీడియోకి కారణం ఒక కామెంటు. టెక్సాస్‌లో ఉండే మన అన్న ఒకాయన రాశారు: "తమ్ముడూ, మనూళ్లో కార్డు లేనిదే బూత్ గడప తొక్కనివ్వరు. ఇక్కడ అమెరికాలో ఇంకా దాని గురించే కొట్టుకుంటున్నారు. దీని మీద ఒక రివ్యూ పెట్టు." అన్నా, పెడుతున్నా. కానీ ముందే చెప్తున్నా, మీరన్నది సగమే కరెక్టు.

మన దగ్గర ఓటర్ కార్డు లేకపోయినా ఓటు వేయొచ్చు. 2024 లోక్‌సభ ఎన్నికలకి ఎన్నికల సంఘం ఇచ్చిన లెక్క ప్రకారం కార్డు బదులు ఇంకో 12 చెల్లుతాయి. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు సరే. వాటితోపాటు ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, పోస్టాఫీసు పాస్‌బుక్, ఫొటో ఉన్న పెన్షన్ కాగితం, దివ్యాంగుల కార్డు... అంటే మట్టిపని చేసే మనిషి దగ్గర కూడా ఏదో ఒకటి ఉండేలా చూశారు. ఇక్కడ నేను చప్పట్లు కొడతా. మీ టెక్సాస్‌లో 2011లో చేసిన చట్టం చూడండన్నా, తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, యూనివర్సిటీ ఇచ్చిన స్టూడెంట్ ఐడీ చెల్లదు. తగువు అక్కడుంది. కార్డు అడగడం తప్పా అని కాదు, ఏ కార్డు ఎవరి జేబులో ఉంటుందో తెలిసే ఆ లిస్టు రాశారా అని.

సరే, మన వస్తువు చూద్దాం. పాత లామినేషన్ కార్డు ఇప్పటికీ మా నాన్న దగ్గరుంది. అందులో ఆయన ఎవరో ఆయనకే అనుమానం. కొత్త ప్లాస్టిక్ కార్డు గట్టిగానే ఉంది. 2021 జనవరి 25 నుంచి పీడీఎఫ్ కూడా దింపుకోవచ్చు, ఈ-ఎపిక్ అంటారు. కానీ ఫోన్ పట్టుకుని బూత్ లోపలికి పోనివ్వరు, అందుకని రెండు రూపాయలిచ్చి ప్రింటు తీయించుకోండి. ఇంకోటి, పార్టీలవాళ్లు, బీఎల్‌ఓలు (అంటే బూత్‌కి ఒకరు చొప్పున ఓటర్ లిస్టు చూసుకునే ఉద్యోగులు) ఇచ్చే ఓటరు స్లిప్పు ఒక్కటే చూపిస్తే కుదరదు, 2019 నుంచి అది గుర్తింపు కింద చెల్లడం లేదు. మా పెదనాన్న ఇప్పటికీ స్లిప్పునే ఓటు అనుకుంటాడు.

బూత్‌లో ఈ కార్డు పనితనం? బాగుంది. పేరులో ఒక అక్షరం అటూ ఇటూ ఉన్నా, మనిషిని గుర్తుపట్టగలిగితే ఆపకూడదని రూలు. వేరే నియోజకవర్గంలో ఇచ్చిన కార్డైనా పర్లేదు, మీ పేరు ఆ బూత్ లిస్టులో ఉంటే చాలు. లోపల కూర్చున్న ఏజెంటు "ఈయన ఆయన కాదండీ" అని మీ మీద అభ్యంతరం చెప్పాలంటే రెండు రూపాయలు డిపాజిట్ కట్టాలి. అవును, ఇప్పటికీ రెండు రూపాయలే. మీరు వెళ్లేసరికి మీ పేరున ఎవరో వేసేసి పోయారనుకోండి, గొడవపడి వెనక్కి రాకండి, టెండర్ ఓటు అడగండి. కాగితం బ్యాలెట్ ఇస్తారు, కవర్లో పెట్టి విడిగా దాస్తారు.

అసలీ కార్డు ఎందుకొచ్చిందో కుర్రాళ్లకి తెలియదు. శేషన్ గారు ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు, 1993లో మొదలైంది. అంతకుముందు పల్లెల్లో పెద్దమనిషి వాకిట్లో కుర్చీ వేసుక్కూర్చుని "నీ ఓటు పడిపోయిందిలేరా, పనికి పో" అంటే వాడు పనికి పోవాల్సిందే. నిరూపించుకోవడానికి చేతిలో ఏముంది? అందుకే కార్డంటేనే పేదవాడి ఓటుకి అడ్డం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. మన ఊళ్లలో ఫొటో ఉన్న కార్డు చాలామందికి "నేను ఫలానా" అని చెప్పుకోవడానికి దొరికిన మొదటి ఆధారం. కార్డుకి నా మార్కులు ఐదుకి నాలుగు. ఒక మార్కు ఫొటోకి కోసేశా.

ఇప్పుడు అసలు విషయం. ఈ కార్డుతో పాటు డబ్బాలో రావాల్సిన ముఖ్యమైన పార్టు ఒకటుంది, అది డబ్బాలో రాదు. లిస్టులో పేరు.

మా అమ్మ సంగతి చెప్తా. ఏ ఎన్నికో, ఏ ఊరో వద్దు. పొద్దున్నే తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, కార్డు పర్సులో పెట్టుకుని వెళ్లింది. లైన్లో గంటన్నర. లోపల ఆయన లిస్టు తిరగేసి, "మీ పేరు లేదమ్మా" అన్నాడు. కార్డు చూపించింది. "కార్డుంది గానీ పేరు లేదమ్మా." మళ్లీ చూపించింది. అప్పటికి పాతికేళ్లుగా అదే బడిలో ఓటేసిన మనిషి. ఇంటికొచ్చి చీర మడతపెట్టేసింది. ఎవరు తీశారు, ఎందుకు తీశారు, ఒక కాగితం ముక్క కూడా ఇంటికి రాలేదు. వేలికి సిరా లేదని ఆ రోజంతా గడప దాటలేదు, పక్కింటివాళ్లు అడుగుతారని.

ఇది మా ఇంటి గోలే అనుకోకండి. 2018 డిసెంబరు 7, తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల బూత్‌కి వెళ్తే పేరు లేదు, ట్విట్టర్లో పెట్టింది. ఆమె ఒక్కతే కాదు, హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా ఇదే మాట. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ బహిరంగంగా సారీ చెప్పారు. దీనికి ముందు 2015 మార్చిలో మొదలైన పథకం ఒకటుంది, ఓటర్ల వివరాలకి ఆధార్ జతచేసి జాబితా శుద్ధి చేయడం. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఆధార్ వాడకం మీద ఆంక్షలు పెట్టడంతో దాన్ని ఆపేశారు. 2018లో పేర్లు గల్లంతైనప్పుడు చాలామంది వేలు అటే చూపించారు.

అటు ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఎన్నికల ముందు ఫారం-7 గొడవ గుర్తుందా? ఫారం-7 అంటే "ఫలానా వ్యక్తి పేరు లిస్టులోంచి తీసేయండి" అని ఇచ్చే దరఖాస్తు. లక్షల్లో వచ్చిపడ్డాయి. ఎవరి పేరుతో పెట్టారో ఆ మనిషికే తెలియని దరఖాస్తులు కూడా. కేసులు పెట్టారు. ఏ పార్టీ చేయించింది అన్న తగువులోకి నేను దిగను, కామెంట్లలో మీరు ఎలాగూ దిగుతారు. నేను చూసేది ఒక్కటే. చేరడానికి ఫొటో, వయసుకి ఆధారం, అడ్రస్‌కి ఆధారం కావాలి. ఎదుటివాడిని తీసేయమని రాయడానికి ఒక ఫారం చాలు. చట్టం ప్రకారం ఆ మనిషి మాట వినకుండా తీయకూడదు, నిజమే. మా అమ్మ మాట ఎవరు విన్నారు?

ఆగండి, కత్తికి రెండోవైపు కూడా పదునుంది. నాకు రెండు ఓట్లుండేవి. ఒకటి మా ఊళ్లో, గుంటూరు జిల్లా. ఇంకోటి కూకట్‌పల్లిలో. రెండుచోట్లా వేశానా? లేదు. కానీ పేరు రెండుచోట్లా ఉండటమే చట్టానికి విరుద్ధం, తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు. అప్పట్లో నాకు తెలియదంటే మీరు నమ్మరు, నేను కూడా నమ్మను. 2014లో తెలంగాణలో ఏప్రిల్ 30న, ఆంధ్రలో మే 7న పోలింగ్. వారం తేడా. ఆ వారంలో విజయవాడ బస్సుల్లో ఎంతమంది వేళ్లకి సిరా ఉందో ఎవరూ లెక్కపెట్టలేదు లెండి. 2019లో రెండు రాష్ట్రాలకీ ఏప్రిల్ 11, 2024లో మే 13, ఒకే రోజు పెట్టారు. ఇప్పుడు నేను ఫారం-8, అంటే అడ్రస్ మార్చడానికి, తప్పులు దిద్దడానికి ఇచ్చే దరఖాస్తు, పెట్టి కూకట్‌పల్లికే మార్పించుకున్నా. ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి అలిగాడు.

అందుకే లిస్టు శుభ్రం చేయొద్దని నేననను. చచ్చిపోయినవాళ్ల పేర్లు ఉంచుకుంటే దొంగ ఓటుకి మనమే విత్తనాలు పోసినట్టు. ఎలా శుభ్రం చేస్తారన్నదే ప్రశ్న. బిహార్ చూడండి. 2025 జూన్ 24న ఓటర్ల లిస్టు ప్రత్యేక సవరణకి ఎన్నికల సంఘం ఆదేశం. 7.89 కోట్ల ఓటర్లు, నెల రోజుల్లో ఫారాలు నింపాలి, 2003 లిస్టులో లేనివాళ్లు కాగితాలు చూపించాలి. అందుకు 11 పత్రాల లిస్టు ఇచ్చారు. అందులో ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు, ఇదిగో ఇది కూడా లేదు! నేను ఇందాక నాలుగు మార్కులేసిన కార్డుని తయారుచేసినవాళ్లే చెల్లదన్నారు. వాళ్ల వాదన ఏంటంటే, ఈ కార్డు పాత లిస్టు నుంచి పుట్టింది, ఆ లిస్టునే కొత్తగా రాస్తున్నప్పుడు దీన్నే ఎలా సాక్ష్యంగా తీసుకుంటామని. తర్కంగా తప్పు కాదు. కానీ పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్ లేని ముసలామె ఏం చూపిస్తుంది?

ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవాళ్లు సుమారు 22 లక్షలు, రెండేసి చోట్ల ఉన్నవాళ్లు 7 లక్షలు, మిగతా 36 లక్షలు వేరేచోటికి వెళ్లిపోయారు లేదా దొరకలేదు అన్నారు. ఎవరి పేరు ఎందుకు పోయిందో అందరికీ కనిపించేలా పెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. అడగకుండానే పెట్టాల్సిన లిస్టు అది. సెప్టెంబరు 8న ఆధార్‌ని 12వ పత్రంగా తీసుకోమంది. నెలాఖరు తుది జాబితాలో 7.42 కోట్లు.

ఆ 36 లక్షల దగ్గరే నా మనసు ఆగిపోయింది. మా అపార్ట్‌మెంట్ పక్కన సెంట్రింగ్ పని చేసే కుర్రాళ్లది బిహారే. ఇక్కడ రేకుల షెడ్డులో ఉంటారు, ఛఠ్ పండక్కి ఊరెళ్తారు. బీఎల్‌ఓ తలుపు కొట్టినప్పుడు ఇంట్లో లేరు కాబట్టి "వెళ్లిపోయారు" అని రాసుకుంటే, వాళ్లు ఎక్కడివాళ్లు? మన పాలమూరు, శ్రీకాకుళం వలసలకీ ఇదే ప్రశ్న. ఇల్లే లేక ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషికి మాత్రం మంచి రూలుంది తెలుసా, అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, బీఎల్‌ఓ రాత్రిపూట వెళ్లి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూసుకోవాలి. మనిషి దగ్గరికి ప్రభుత్వమే నడిచి వెళ్లే రూలు. లిస్టు మొత్తం ఈ బుద్ధితో నడిపితే నేను ఐదుకి ఐదు వేస్తా. ఇప్పటికి రెండు.

రెండో విడత సవరణ 2025 అక్టోబరు 27న 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకి ప్రకటించారు. అందులో ఆంధ్ర, తెలంగాణ లేవు, కానీ తమిళనాడు ఉంది, పుదుచ్చేరి ఉంది. పుదుచ్చేరి అంటే మన యానాం కూడా.

ఇంకొక్కటి, ఆడవాళ్ల పేర్లు. 1951-52లో మొదటి ఎన్నికలప్పుడు అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గారి సిబ్బంది ఇంటింటికీ వెళ్తే, చాలామంది ఆడవాళ్లు పేరు చెప్పలేదు, ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అన్నారు. అలా దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితాకి ఎక్కలేదు, ఎక్కువ బిహార్, ఉత్తరాది వైపే. మన దగ్గర ఆడవాళ్లు పేరు చెప్తారు, కష్టం ఇంటిపేరుతో. పెళ్లికి ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఇంగ్లిషులో 'లక్ష్మి'ని నాలుగు రకాలుగా రాస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఓటర్ లిస్టులో వెనక, పాస్‌బుక్‌లో పొడి అక్షరం. కంప్యూటర్‌కి ముగ్గురు మనుషులు.

సరే, లైవ్ టెస్ట్ చేద్దాం. ఎన్నికల సంఘం యాప్ తెరుస్తున్నా, మా నానమ్మ ఎపిక్ నంబరు, అంటే ఓటర్ కార్డు మీదుండే నంబరు, కొడుతున్నా. క్యాప్చా... తప్పంట. మళ్లీ. ఇది సున్నానా, 'ఓ' అక్షరమా? ఎనభై ఆరేళ్లావిడ దీన్ని కొట్టగలదా చెప్పండి. ఆ, వచ్చింది. పేరు ఉంది. భర్త పేరు దగ్గర మా నాన్న పేరు పడింది.

నానమ్మా, ఇటు రా ఒకసారి, నవ్వకు, ఫారం-8 నింపాలి.