సెంటినెల్ పాస్ రివ్యూ: నలుగురు లేనిదే కదలనివ్వని కొండదారి

నమస్కారమండీ. ఈరోజు రివ్యూ ఒక కాలిబాట మీద. కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్కులో, మొరెయిన్ సరస్సు దగ్గర మొదలై సెంటినెల్ పాస్ అనే కనుమ దాకా ఎక్కి, చీకటి పడకముందే దిగివచ్చే దారి ఇది. రానుపోను పన్నెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఎక్కడం 700 మీటర్లకు పైనే. కనుమ ఎత్తు 2,611 మీటర్లు.

క్యాల్గరీలో ఉండే మనవాళ్ళ ఇంటికి చుట్టాలొస్తే మొరెయిన్ సరస్సు చూపించడం ఆనవాయితీ. రాళ్ళగుట్ట ఎక్కడం, నీలం నీళ్ళ ముందు ఫొటో దిగడం, వెనక్కి తిరగడం. పాత ఇరవై డాలర్ల నోటు మీద ఉన్నది కూడా ఆ దృశ్యమే. నన్నడిగితే ఆ ఫొటోకు అయిదు నిమిషాలు చాలు, మిగతా రోజంతా పైనున్న దారికి ఇవ్వాలి.

ముందు అక్కడికి చేరడం ఒక పరీక్ష. 2023 నుంచి సరస్సు రోడ్డు మీదికి సొంత కార్లను రానివ్వడం లేదు. షటిల్ బస్సుకు ముందుగా సీటు తీసుకోవాలి. కొన్ని సీట్లు వసంతంలోనే అమ్ముతారు, మిగతావి ప్రయాణానికి రెండు రోజుల ముందు ఉదయం ఎనిమిదింటికి వదులుతారు. సెప్టెంబరు శనాదివారాలైతే తత్కాల్ టికెట్టే అనుకోండి. వారం మధ్యలో వెళ్ళగలిగితే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఇక అసలు విషయం, ఎలుగుబంట్లు. ఇక్కడ నల్ల ఎలుగులూ ఉన్నాయి, భుజం మీద మూపురం తేలిన గ్రిజ్లీలూ ఉన్నాయి. వేసవిలో సాధారణంగా ఈ బాట మీద ఒక ఆంక్ష ఉంటుంది: కనీసం నలుగురు కలిసి, ఒకరికొకరు దగ్గరగా నడవాలి. ఇది సలహా కాదు, చట్టం. మీరితే జరిమానా 25,000 డాలర్ల దాకా వెళ్ళవచ్చు. బయలుదేరే ముందు పార్కు వెబ్‌సైటులో బాట పరిస్థితి చూసుకోండి, ఆంక్ష ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. ఇద్దరే వచ్చారా? బాట మొదట్లో బోర్డు దగ్గర నిలబడితే మీలాగే జత కోసం చూసేవాళ్ళు కనిపిస్తారు. ముక్కూమొహం తెలియనివాళ్ళతో కలిసి నడవడం నాకైతే ఈ దారిలో నచ్చిన విషయాల్లో ఒకటి.

ఎందుకు నలుగురు? గుంపుగా మాట్లాడుకుంటూ వచ్చే మనుషుల అలికిడి ఎలుగుకు దూరం నుంచే తెలుస్తుంది, పక్కకు తప్పుకుంటుంది. ప్రమాదమంతా మలుపు దగ్గర హఠాత్తుగా ఎదురుపడటంలోనే, అందులోనూ పిల్లలతో ఉన్న తల్లి ఎలుగుకు. ఉద్దానం జీడితోటల్లో తిరిగేవాళ్ళను అడగండి, ఇదే చెబుతారు. బూట్లకు కట్టుకునే గంటల మీద డబ్బు పెట్టకండి, ఆ చప్పుడు చాలదు. నలుగురు తెలుగువాళ్ళు రాజకీయాలు మొదలుపెడితే ఏ గంటా అక్కర్లేదు.

బేర్ స్ప్రే తప్పనిసరిగా ఉండాలి, సంచి అడుగున కాదు, నడుముకు. అందులో ఉన్నది మిరపకాయ ఘాటే. దోమల మందులాగా ఒంటికి రాసుకునేది కాదు, మీదికొచ్చే ఎలుగు కొద్ది మీటర్ల దూరంలోకి వచ్చినప్పుడు దాని ముఖం మీదికి కొట్టేది. విమానంలో తీసుకెళ్ళనివ్వరు, సామానులో కూడా. కాబట్టి బాన్ఫ్‌లోనే కొనండి లేదా అద్దెకు తీసుకోండి. సేఫ్టీ క్లిప్పు తీయడం బాట ఎక్కకముందే అలవాటు చేసుకోండి. ఎలుగు కనిపిస్తే పరుగెత్తవద్దు, దాని వేగం ముందు మనం నిలవలేం.

దారి సంగతి. మొదటి రెండు కిలోమీటర్ల పైచిలుకు అడవిలో మెలికలే మెలికలు. నిజం చెప్పాలంటే విసుగు. ఎడమకు ఐఫెల్ సరస్సు దారి చీలిపోయాక లార్చ్ లోయ తెరుచుకుంటుంది. లార్చ్ సూదిమొన ఆకుల చెట్టే అయినా శీతాకాలానికి ఆకు రాలుస్తుంది. రాల్చే ముందు, సెప్టెంబరు రెండో సగంలో, లోయంతా పసుపు. వెనక్కి తిరిగితే పది శిఖరాల వరుస. ఆ పైన మిన్నెస్టిమ్మా చెరువులు. నా మార్కుల్లో ఎక్కువ భాగం ఈ చోటుకే.

చివరి ఎక్కుడు గులకరాళ్ళ మీద, నిట్టనిలువు గోడలా కనిపిస్తుంది. మెలికలు బాగా వేశారు కాబట్టి కనిపించినంత కష్టం కాదు, గాలి మాత్రం కోసేస్తుంది. జూలైలో కూడా మంచు మిగిలి ఉండవచ్చు. పైకి చేరితే అటువైపు పారడైజ్ లోయ, సూదిలా నిలిచిన గ్రాండ్ సెంటినెల్ రాయి, పక్కనే 3,540 మీటర్లు దాటిన టెంపుల్ శిఖరం. అటువైపు దిగాలనే ఉత్సాహం వస్తుంది, వద్దు. బండరాళ్ళు కదులుతాయి, పైగా మీ బస్సు ఇటువైపు ఉంటుంది.

మోకాళ్ళు మొరాయిస్తే చెరువుల దగ్గరే ఆగి భోజనం చేయండి, పెద్దగా పోగొట్టుకునేదేమీ లేదు. పులిహోర పొట్లాల కాగితాలు, అరటి తొక్కలు సహా అన్నీ సంచిలోకే. మొత్తం మీద పదికి ఎనిమిదిన్నర. ఆ ఒకటిన్నర కోత ఎక్కడంటే, అడవి మెలికలకు అర, సెప్టెంబరు జనానికి ఒకటి. తిరుగు బస్సుకు వేళ కేటాయించరు, సాయంత్రం వరుస పొడుగ్గా ఉంటుంది. చివరి బస్సు ఎప్పుడో పొద్దున్నే అడిగి పెట్టుకోండి.