పడవ ఇంజన్‌లోని ఉప్పును సులువుగా కడిగేందుకు ఒక చిన్న మార్పు

[దృశ్యం: ఇంజన్ గది. సీకాక్ (సముద్రపు నీటిని పడవలోకి రానిచ్చే కవాటం) నుంచి పంపు వరకు సాగే గొట్టం.]

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఇంజన్ ఆ నీటినే తోడుకొని చల్లబడుతుంది కనుక, ఆపిన తరువాత లోపల నిలిచిన నీరు ఉప్పు పొరలను మిగిల్చి లోహాన్ని తినేస్తుంది. ప్రతి ప్రయాణం తరువాత మంచినీటితో కడగడం మేలని తెలిసినా, అందుకు గొట్టం ఊడదీయవలసి వస్తే ఆ పని వాయిదా పడుతూనే ఉంటుంది.

[దగ్గరి దృశ్యం: టీ ఫిట్టింగ్ (ఆంగ్ల T ఆకారంలో మూడు కొసలుండే అతుకు), బాల్ వాల్వ్.]

సీకాక్‌కూ స్ట్రెయినర్‌కూ (నీటిలోని చెత్తను ఆపే జల్లెడకూ) మధ్య గొట్టాన్ని కోసి, అదే లోపలి వ్యాసమున్న టీ ఫిట్టింగ్‌ను అమర్చి, దాని మూడో కొసకు బాల్ వాల్వ్ బిగిస్తే చాలు. దీనివల్ల స్ట్రెయినర్ కూడా కడగబడుతుంది. ఫిట్టింగ్ కంచుదై ఉండాలి. మామూలు ఇత్తడి ఉప్పునీటిలో జింకును కోల్పోయి పెళుసుబారుతుంది. ప్రతి కొసకూ రెండేసి స్టెయిన్‌లెస్ క్లిప్పులు వేయాలి. ఈ అతుకు సాధారణంగా నీటిమట్టానికి దిగువనే ఉంటుంది కాబట్టి, అక్కడి లీకు పడవనే ముంచగలదు.

[దృశ్యం: వాల్వ్ నుంచి బకెట్‌లోకి దిగిన గొట్టం.]

కడిగేటప్పుడు సీకాక్ మూసి, వాల్వ్ తెరిచి, దాని గొట్టాన్ని మంచినీటి బకెట్‌లో ముంచి, ఇంజన్‌ను నిదానపు వేగంలో నడపాలి. కుళాయి గొట్టాన్ని నేరుగా తగిలించే వారూ ఉన్నారు గానీ, నా ఓటు బకెట్‌కే. నీటిని పంపు తనంతట తాను పీల్చుకోవాలే తప్ప, మనం ఒత్తిడితో లోపలికి నెట్టకూడదు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు కుళాయి తిప్పితే, నీరు పంపును దాటి సైలెన్సర్‌లో చేరుతుంది. దానిని బయటికి తోసే పొగ లేనందున అది నిండి, ఎగ్జాస్ట్ దారిగుండా సిలిండర్లలోకి ఎక్కవచ్చు. నీరు అణగదు కనుక, ఆ స్థితిలో స్టార్ట్ చేస్తే పిస్టన్‌కు తగిలి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

బకెట్ ఖాళీ కాకముందే ఇంజన్ ఆపాలి. పొడిగా తిరిగితే పంపులో నీటిని నెట్టే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) కొద్దిసేపటికే చెడిపోతుంది. సముద్రపు నీరే నేరుగా బ్లాకులో తిరిగే ఇంజన్లయితే, థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకునే కవాటం) తెరుచుకునేంత వేడి ఉండగానే కడగాలి, లేకుంటే మంచినీరు బ్లాకులోకి సరిగా చేరదు.

[చివరి దృశ్యం: సీకాక్ పిడికి వేలాడుతున్న ఇంజన్ తాళంచెవి.]

కడిగిన తరువాత వాల్వ్ మూసి, దాని మూతిని ప్లగ్‌తో బిగించాలి. సీకాక్‌ను మూసే ఉంచితే, ఇంజన్ తాళంచెవిని దాని పిడికే తగిలించండి. దానిని తెరవకుండా ఇంజన్ స్టార్ట్ చేసే పొరపాటు జరగదు.