బ్రిటన్ ఎన్నికల్లో మన పాస్‌పోర్టుతో ఓటు

నమస్కారమండీ. "పౌరసత్వమే రాలేదు, నీకు అక్కడ ఓటేమిటిరా?" అని మా మావయ్య ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నారు కాబట్టి ఈ వీడియో ఆయన కోసమే. భారతదేశం కామన్వెల్త్ సభ్యదేశం. అందువల్ల చెల్లుబాటయ్యే వీసాపై బ్రిటన్‌లో నివసిస్తూ 18 ఏళ్లు నిండిన భారత పౌరులు ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. మా ఆఫీసులో నా పక్కన కూర్చునే జర్మన్ ఉద్యోగికి ఆ హక్కు లేదు. నాకు ఉందని తెలిసి ఆయన ముఖం చూడాలి, కొంచెం గర్వంగానే అనిపించింది.

ఈరోజు 2024 జూలై 4, గురువారం. 1935 నుంచి ఇక్కడ సార్వత్రిక ఎన్నికలన్నీ గురువారమే జరుగుతున్నాయి, కానీ సెలవు ఇవ్వరు. ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు పోలింగ్ ఉంటుంది గనుక ఆఫీసు ముగించుకుని, ఇంకా ఎండ ఉండగానే మా వీధి చివర ఉన్న చర్చి హాలుకు వెళ్లాను. లోపల వీడియో తీయకూడదు కాబట్టి మిగిలినదంతా నోటితోనే చెబుతున్నాను.

గుమ్మం దగ్గర పార్టీ బ్యాడ్జీలు పెట్టుకున్న ఇద్దరు ఓటరు నంబరు అడిగారు. వాళ్లు అధికారులు కారు. చెప్పడం, చెప్పకపోవడం మన ఇష్టం. ఇంటికి పోస్టులో వచ్చిన పోల్ కార్డు లేకపోయినా ఫర్వాలేదు గానీ, 2023 నుంచి ఇంగ్లండులో ఫొటో గుర్తింపు తప్పనిసరి. మన భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. ఓటరు పేరును పైకి చదవడం నిబంధన కావడంతో, బల్ల దగ్గరి పెద్దావిడ మా ఇంటిపేరు వద్ద ఆగి, జాబితాపై స్కేలు ఆనించి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివి, చివరికి తానే నవ్వేసింది.

ఆ తర్వాత చేతికొచ్చింది ఒక కాగితం. అట్టతో చేసినట్టున్న బూత్‌లో, దారంతో కట్టిన పొట్టి పెన్సిలు! మే 13న మనవాళ్లు ఈవీఎం మీట నొక్కి, వీవీప్యాట్‌లో చీటీ చూసుకుని వచ్చారు. ఇక్కడ మాత్రం నచ్చిన అభ్యర్థి పేరు పక్కనున్న గడిలో పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి, మడిచి పెట్టెలో వేయడమే. పెన్సిలుపై నమ్మకం లేనివారు సొంత పెన్ను వాడుకోవచ్చు. ఈ కాగితాలన్నీ రాత్రంతా చేతితో లెక్కపెట్టి, తెల్లారేసరికి దాదాపు అన్ని ఫలితాలూ చెప్పేస్తారంటే, ఆ పొట్టి పెన్సిలును తక్కువగా చూడాలనిపించలేదు.

వేలికి సిరా మాత్రం పెట్టరు. వీడియో కాల్‌లో అమ్మ "వేలు చూపించు" అంటే చూపించడానికి ఏమీ లేకపోయింది. మేలో మా మిత్రుడు ఆ చుక్క కోసమే 700 పౌండ్లు, అంటే సుమారు 74 వేల రూపాయలు విమానానికి పెట్టి గుంటూరు వెళ్లి వచ్చాడు. అప్పుడు పిచ్చి ఖర్చు అనుకున్నాను గానీ, ఊళ్లో బూత్ బయట చెట్టు కింద జరిగే కబుర్లు ఈ హాలు బయట లేవు.

కొత్తగా వచ్చిన విద్యార్థులు కూడా ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. పోలింగ్‌కు 12 పనిదినాల ముందే గడువు ముగుస్తుంది. ఇక్కడి కౌన్సిల్, అంటే మన మునిసిపాలిటీ లాంటి స్థానిక సంస్థ, నోటీసు పంపినా నమోదు చేసుకోకపోతే 80 పౌండ్లు, అంటే దాదాపు ఎనిమిదిన్నర వేల రూపాయల జరిమానా పడవచ్చు.