క్రూజ్ ఎక్కే రోజు క్యూ ఎలా ఉంటుంది? బెజవాడ, గుంటూరు వాళ్ల కోసం బోర్డింగ్ రివ్యూ

నమస్తే అండి. క్రూజ్ వీడియోలు మీరు చాలానే చూసుంటారు. కేబిన్ చూపిస్తారు, బఫే చూపిస్తారు, డెక్ మీద నుంచి సముద్రం చూపిస్తారు. ఎక్కే ముందు టెర్మినల్‌లో గడిపే గంటల గురించి మాత్రం దాదాపు ఎవరూ చెప్పరు. 2023 సెప్టెంబర్‌లో విశాఖలో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైన దగ్గర్నుంచి మనవైపు వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది అదే. "మా అమ్మావాళ్లని తీసుకెళ్తున్నామండి, అంతసేపు నిలబడగలరా?" అని. అందుకని ఈ రివ్యూ మొత్తం ఆ క్యూ గురించే. నేను ఎక్కింది తూర్పు తీరంలోని ఒక రేవులో. కంపెనీ పేరు, ఓడ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నేను చెప్పే ఇబ్బంది ఏ రేవులోనైనా రావచ్చు.

అసలు క్యూ ఎందుకు అవుతుందో ముందు చూద్దాం. ఓడ పొద్దున రేవుకొస్తుంది. పాత ప్రయాణికులంతా దిగాలి, వాళ్ల సామాను దిగాలి, కేబిన్లు శుభ్రం చేయాలి, కూరగాయల దగ్గర్నుంచి దుప్పట్ల దాకా కొత్త సరుకు ఎక్కించాలి. సాయంత్రానికి మళ్లీ బయల్దేరాలి. ఈ మధ్యలో మనల్ని ఎక్కించడానికి దొరికేది కొద్ది గంటలే.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 1,800 మంది ఎక్కాలి, టైమ్ 3 గంటలు ఉంది అనుకోండి. అంటే నిమిషానికి 10 మంది కౌంటర్ దాటాలి. ఒక్కొక్కరి దగ్గర 3 నిమిషాలు పడితే 30 కౌంటర్లు కావాలి. అదే పని 1 నిమిషంలో తెమిలితే 10 కౌంటర్లు చాలు. మిగతా 2 నిమిషాల పనీ మీ ఇంట్లోనే అయిపోవాలి. వెబ్ చెక్-ఇన్ పెట్టింది అందుకే. పేరు, ఆధార్, ఫోటో, ఆరోగ్యం గురించిన ప్రశ్నలు అన్నీ ముందురోజే పూర్తి చేసి పాస్ ప్రింట్ తీసుకుంటే, కౌంటర్‌లో మీ ముఖం, మీ కార్డు సరిచూసి పంపించేస్తారు. ఫోన్‌లో ఉంది కదా అనుకోకండి. రేవు గేటు దగ్గర కూడా పాస్ చూపించాలి, అక్కడ సిగ్నల్‌ని నమ్ముకోలేం. కాగితం చేతిలో ఉంచుకోండి.

రెండోది స్లాట్. తిరుమల సర్వదర్శనం టోకెన్ మీద టైమ్ వేసిస్తారు చూడండి, ఇదీ అంతే. మీకు 12 గంటలకి, ఇంకొకరికి 2 గంటలకి రమ్మని రాస్తారు. టోకెన్ టైమ్ చూసి లోపలికి వదిలేవాళ్లు ఉంటేనే కదా ఆ పద్ధతి పనిచేసేది. నేను వెళ్లిన చోట టెర్మినల్ తలుపు దగ్గర స్లాట్ చూసే మనిషి లేడు. 12 వాళ్లూ, 2 వాళ్లూ, ముందే వస్తే ముందే ఎక్కిస్తారేమో అని వచ్చినవాళ్లూ ఒకే లైన్‌లో. పెద్దవాళ్లకి వేసిన కుర్చీలు లైన్‌కి దూరంగా ఉన్నాయి. కూర్చుంటే వంతు పోతుందని ఎవరూ కూర్చోలేదు. మైకులో హిందీ, ఇంగ్లీషు తప్ప తెలుగు లేదు. నా ముందు ఒక పెద్దాయన, గుంటూరు జిల్లా యాస, ప్రతి అనౌన్స్‌మెంట్‌కీ వెనక్కి తిరిగి "ఏమంటున్నారమ్మా, మనల్నేనా?" అని కూతుర్ని అడుగుతూనే ఉన్నారు. తెలుగువాళ్లు అంతమంది ఉన్న లైన్లో తెలుగులో ఒక్క ముక్క చెప్పకపోవడం నాకు చాలా బాధనిపించింది.

లైన్ అసలు ఎక్కడ ఆగుతోందా అని ముందుకెళ్లి చూశాను. కౌంటర్లు ఖాళీగా లేవు, సిబ్బంది పనిచేస్తూనే ఉన్నారు. వెబ్ చెక్-ఇన్ చేయనివాళ్లు, పిల్లల పుట్టినతేదీ తప్పు పడ్డవాళ్లు, టికెట్లో ఒక పేరు ఆధార్‌లో ఇంకో పేరు ఉన్నవాళ్లు, వీళ్లే అసలు సమస్య. ఒక్కో కుటుంబం దగ్గర చాలాసేపు పడుతోంది, వాళ్ల వెనకాల అన్నీ సిద్ధంగా ఉన్న ఇరవైమంది నిలబడి ఉన్నారు. కాసేపటికి మెడలో నీలం ట్యాగ్ వేసుకున్న ఒకమ్మాయి వచ్చింది. లైన్ పొడుగునా నడుస్తూ ఒక్కొక్కరి కాగితాలు చూసి, తేడా ఉన్నవాళ్లని పక్కన బల్ల దగ్గరికి పంపించింది. కొత్తగా ఒక్క కౌంటర్ కూడా తెరవలేదు. కాసేపట్లోనే లైన్ నడక అందుకుంది. ఆ రోజు మొత్తంలో నాకు నచ్చిన పని అదే, ఆ అమ్మాయికి పూర్తి మార్కులు. ఆ పని పొద్దున్నుంచే జరగాలి, టెర్మినల్‌కి నేను మార్కులు తగ్గించేది అక్కడే. బోర్డింగ్‌కి నా రేటింగ్ పదికి ఆరు.

సామాను విషయం త్వరగా చెప్పేస్తాను. పెట్టెకి డెక్ నంబర్, కేబిన్ నంబర్ ఉన్న ట్యాగ్ కట్టి బయటే తీసేసుకుంటారు. అది కేబిన్ దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం కావచ్చు. కాబట్టి బీపీ మాత్రలు, షుగర్ మందులు, కళ్లజోడు, ఛార్జర్ చేతిసంచిలో పెట్టుకోండి. వీల్‌చైర్ కావాలంటే బుకింగ్ అప్పుడే అడగండి.

ఇప్పుడు ఈ క్యూ చివర జరిగే పని గురించి. ఓడ తలుపు దగ్గర కార్డు పెట్టగానే టింగ్‌మంటుంది, తెరమీద మీ ఫోటో వస్తుంది. చాలామంది అదేదో టికెట్ చెకింగ్ అనుకుంటారు. అది లెక్క. అంతర్జాతీయ సముద్ర భద్రతా నిబంధనల ప్రకారం ప్రయాణికుల ఓడ కదిలే ముందు లోపలున్న ప్రతి మనిషినీ లెక్కపెట్టాలి, పేర్ల వివరాలు ఒడ్డున కూడా ఉండాలి. ఎక్కాక లైఫ్ జాకెట్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించే సాధన కూడా తప్పనిసరి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కినవాళ్లు వందల మందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. అప్పట్లో 24 గంటల్లోగా చేస్తే సరిపోయేది. 2015 నుంచి బయల్దేరకముందే, లేదా బయల్దేరిన వెంటనే చేయాలని నిబంధన మార్చారు. కాబట్టి డ్రిల్‌కి పిలిస్తే విసుక్కోకుండా వెళ్లండి.

ఈ మాట నేను బెజవాడలో, కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్‌లో నిలబడి చెప్తున్నాను. 2017 నవంబర్ 12, కార్తీక ఆదివారం. ఇక్కడికి దగ్గర్లోనే, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు, అందులో ఎంతమంది ఉన్నారన్న సంఖ్య రోజుకో రకంగా మారింది. ఎవరికోసం వెతకాలో తెలియకపోతే ఒడ్డున కూర్చున్న కుటుంబాల పరిస్థితి ఏమిటో ఆలోచించండి. ఆ తర్వాత రాష్ట్రంలో 9 చోట్ల బోటింగ్ కంట్రోల్ రూమ్‌లు తలపెట్టారు, అందులో మన బెజవాడ బెర్మ్ పార్క్ ఒకటి.

క్రూజ్ టెర్మినల్లో ఉన్న యంత్రాలు భవానీ ద్వీపం పడవకి అక్కర్లేదు. ఎక్కే పలక దగ్గర ఒక మనిషి, చేతిలో పేర్ల కాగితం, దాని నకలు ఒకటి ఒడ్డున. ఎక్కినవాళ్లని తలలు లెక్కపెట్టి, కాగితంతో కలిశాకే తాడు విప్పాలి. ఎవరైనా ఆలస్యంగా పరిగెత్తుకొచ్చి దూకబోతే ఆపాలి. కార్తీక మాసంలో మీ పిల్లలతో పడవ ఎక్కుతున్నప్పుడు ఆ లెక్క జరగకపోతే మీరే అడగండి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి.

ఇక క్రూజ్‌కి వెళ్లేవాళ్లకి రైలు సంగతి. పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే విశాఖకి, పినాకిని ఎక్కితే చెన్నైకి చేరేది మధ్యాహ్నానికి. రైలు కాస్త లేటయినా బోర్డింగ్ మూసే టైమ్‌కి పరుగే. టికెట్‌లో ఓడ కదిలే టైమ్, బోర్డింగ్ మూసే టైమ్ వేరువేరుగా ఉంటాయి, మీరు చూసుకోవాల్సింది రెండోది. ఎక్కినవాళ్ల లెక్క తేలి లిస్టు మూయాలి కాబట్టే గేటు ముందే మూసేస్తారు. ముందురోజు రాత్రికే ఆ ఊరు చేరి, బస చేసి, మీ స్లాట్ టైమ్‌కి తీరిగ్గా వెళ్లండి. పెద్దవాళ్లతో వెళ్తుంటే ఆ ఒక్క రాత్రి గది అద్దెకి వెనకాడకండి.