ఆఫీసుకి, ట్రైలర్‌కి, బురదకి ఒకటే బండి? ఈ డబుల్ క్యాబ్ పికప్ దగ్గర లెక్క ఎక్కడ తేడా కొడుతుందంటే...

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, నా వెనక కనిపిస్తున్న ఈ డబుల్ క్యాబ్ డీజిల్ పికప్ కంపెనీవాళ్లే వాడి చూడమని ఇచ్చారు. డీజిల్ ఖర్చు కూడా వాళ్లదే. వీడియో మాత్రం వాళ్లకి ముందుగా చూపించలేదు. చూపించి ఉంటే ఇందులో సగం మీదాకా వచ్చేది కాదేమో! హార్స్‌పవర్, స్క్రీన్ సైజు, సీట్ల కుట్లు... ఇవన్నీ మీరు ఇప్పటికే వేరేచోట చూసేసి ఉంటారు. నేను మళ్లీ ఏకరువు పెట్టను.

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, రోజూ ఆఫీసుకి వెళ్లాలి, సెలవులకి ట్రైలర్ లాగాలి, అప్పుడప్పుడు రాళ్లూ బురదా ఎక్కాలి. మూడింటికీ కలిపి ఒక్క బండి చెప్పు." ఈ పికప్ ప్రకటన కూడా ఆ ప్రశ్న చదివి రాసినట్టే ఉంది. మూడున్నర టన్నులు లాగుతుందట, నీళ్లలో దిగుతుందట, పిల్లల్ని బడి దగ్గర దింపుతుందట. దింపుతుంది లెండి, ఎవరు కాదన్నారు.

ఇలా రండి, డ్రైవర్ తలుపు తీస్తున్నా. తమ్ముడూ, కెమెరా కాస్త దగ్గరికి తీసుకురా. ఇదిగో, తలుపు పక్కన ఈ పిల్లర్ మీద చిన్న స్టిక్కరు. కనిపిస్తోందా? నాలుగు వరసల్లో నాలుగు బరువులు. చాలా దేశాల్లో ఇదే పద్ధతి. మొదటిది, మనుషులూ సామానూ అన్నీ ఎక్కాక బండి ఎంత బరువుండొచ్చో చెబుతుంది. రెండోది బండీ ట్రైలరూ కలిపి. మూడు, నాలుగు... ముందు యాక్సిల్ (అంటే చక్రాల ఇరుసు) మీద ఎంత, వెనక యాక్సిల్ మీద ఎంత. షోరూమ్‌లో ఎవరూ మీకు ఈ తలుపు తీసి చూపించరు. మీరు చూడాల్సింది మాత్రం ఇదే.

లెక్క కోసం గుండ్రటి అంకెలు వేసుకుందాం. ఖాళీ బండి 2,300 కిలోలు, నిండుగా 3,200 దాకా అనుమతి. అంటే మిగిలేది 900 కిలోలు. వినడానికి బోలెడంత. ఇప్పుడు 3,000 కిలోల ట్రైలర్ తగిలించండి. దాని మూతి బరువు, అంటే టో బాల్ (బండి వెనక ట్రైలర్ తగిలించే గుండు) మీద కూర్చునే బరువు, మామూలుగా మొత్తంలో పదో వంతు పట్టుకుంటాం. 300 కిలోలు. అది ట్రైలర్ ఖాతాలోది కాదండీ, మీ బండి మోసే బరువు! మిగిలింది 600. మనిషికి 75 చొప్పున ఐదుగురు ఎక్కారు, 375 పోయింది. ఇంకా 225. ముందు ఉక్కు బంపరు, దానికి వించ్ (ఇరుక్కుంటే తాడుతో బండిని లాగే మోటారు)... అదో వంద కిలోలు. వెనక అరవై లీటర్ల నీళ్ల డబ్బా, అది అరవై కిలోలు. పనిముట్లు, ఇంకో స్పేర్ టైరు, టెంటు. అయిపోయింది. ఇంకా ఎవరూ బ్యాగు కూడా పెట్టలేదు!

అక్కడితో ఆగదు. రెండో వరస 6,000 అనుకోండి. బండి నిండుగా 3,200 ఉంటే ట్రైలర్ చక్రాల మీదకి మిగిలేది 2,800. మూడున్నర టన్నుల ట్రైలర్‌కి మూతి బరువు 350 తీసేసినా, చక్రాల మీద 3,150 ఉంటుంది కదా. అంటే ప్రకటనలో ఉన్న మూడున్నర టన్నులూ లాగాలంటే బండిని దాదాపు ఖాళీగా నడపాలి. అబద్ధం చెప్పారా? లేదు. రెండు నిజాలు ఒకేసారి కుదరవని చెప్పలేదు, అంతే.

ఇప్పుడు నాలుగో వరస, వెనక యాక్సిల్. నాకు బాగా ఇష్టమైన విషయం ఇదే, కాస్త ఓపిక పట్టండి. టో బాల్ వెనక చక్రాలకి సరిగ్గా మీద ఉండదు, ఇంకా వెనక్కి ఉంటుంది. ఒక 1.2 మీటర్లు వెనక అనుకుందాం, వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, 3.2 మీటర్లు. పిల్లలాడుకునే ఊగుడు బల్ల లాంటిదే, వెనక నొక్కితే ముందు లేస్తుంది. 300 కిలోలు అక్కడ కూర్చుంటే వెనక యాక్సిల్ మీద పడేది 300 కాదు, దాదాపు 410. ఆ ఎక్కువైన 110 ఎక్కణ్ణుంచి వచ్చింది? ముందు చక్రాల మీంచి. స్టీరింగ్ చేసేవి అవే, ఎక్కువ బ్రేకు పట్టేవీ అవే. అందుకే ట్రైలర్ తగిలించాక స్టీరింగ్ తేలిపోయినట్టు, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొట్టినట్టు ఉంటుంది. మూతి బరువు బాధ తప్పించుకుందామని సామాను ట్రైలర్ వెనక్కి సర్దారా, అది ఇంకో ప్రమాదం. మూతి తేలికైతే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఊపితే బండి బ్రేకు గట్టిగా తొక్కకండి, స్టీరింగ్‌తో కుస్తీ పట్టకండి. యాక్సిలరేటర్ మీంచి మెల్లగా కాలు తీయండి. ట్రైలర్ బ్రేకుకి చేతి మీట ఉంటే దాన్ని మాత్రం మెల్లగా నొక్కండి.

ఆఫ్‌రోడ్ పిచ్చి ఉన్నవాళ్లు, ఇప్పుడు మీ వంతు. బురదకి మంచివన్నీ ట్రైలర్‌కి పడవు. నా మాట నమ్మక్కర్లేదు, ఫోర్డ్ రేంజర్‌నే చూడండి. ఆస్ట్రేలియాలో మామూలు రేంజర్ 3,500 కిలోలు లాగుతుంది. అందులోనే అందరూ ఎగబడే ఆఫ్‌రోడ్ మోడల్ రాప్టర్? 2,500! వెనక కమాన్ కట్టల బదులు కాయిల్ స్ప్రింగులు, మెత్తటి సస్పెన్షన్. గుంతల మీద ఎగిరి దూకడానికి అది స్వర్గం, బరువు మోయడానికి కాదు. జీప్ రాంగ్లర్ సంగతీ అంతే. రెండు తలుపుల మోడల్‌కి అమెరికాలో 2,000 పౌండ్లే, అంటే తొమ్మిది వందల కిలోలు. పొట్టి వీల్‌బేస్ బండి రాళ్ల మధ్య మెలికలు తిరుగుతుంది, వెనక బరువైన ట్రైలర్ ఉంటే మాత్రం అదే దీన్ని అటూఇటూ ఈడ్చేస్తుంది. ఇదివరకు నా దగ్గర ఒక పొట్టి బండి ఉండేది (పేరెందుకు లెండి). కొండ ఎక్కుతుంటే మేకపిల్లే. హైవే మీద చిన్న పడవ ట్రైలర్ తగిలిస్తే పక్కనుంచి లారీ వెళ్లినప్పుడల్లా మా ఆవిడ డ్యాష్‌బోర్డు పట్టుకుని కూర్చునేది.

మధ్యే మార్గం అంటారా, టయోటా దగ్గర నేర్చుకోవాలి. ల్యాండ్ క్రూయిజర్ 80 సిరీస్ నుంచి 300 సిరీస్ దాకా వీల్‌బేస్ 2,850 మిల్లీమీటర్లే. తరాలు మారాయి, ఇంజన్లు మారాయి, ఆ కొలత మాత్రం మార్చలేదు. ఊరికే అలా వదిలేశారనుకోను.

సరే, ఈ బండి దగ్గరికొద్దాం. ఖాళీగా రోజూ నడిపితే ఎలా ఉంది? ఏమాటకామాట, వెనక కమాన్ కట్టలు ఎగరేస్తాయి. స్పీడ్‌బ్రేకర్ దాటితే వెనక సీట్లో మావాడి చేతిలో ఫోను కిందపడింది. అదే బండికి ట్రైలర్ తగిలించండి, ఒక్కసారిగా పెద్దమనిషి అయిపోతుంది. బరువు కోసం చేసిన స్ప్రింగులు, బరువు లేకపోతే వాటికి తోచదు మరి.

నాకు బాగా నచ్చింది ఫోర్‌వీల్ ఆటో, అంటే అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకీ దానంతట అదే పవర్ పంపే మోడ్. పాతకాలం పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్‌లో ముందూ వెనకా గట్టిగా కలిసిపోతాయి, మధ్యలో డిఫరెన్షియల్ (మలుపులో ముందు, వెనక చక్రాల్ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే భాగం) ఉండదు. పొడి తారు మీద మలుపు తిప్పితే బండి బిగుసుకుపోతుంది. కాబట్టి వానలో, సగం తడీ సగం పొడీ ఉన్న రోడ్డు మీద, వెనక ట్రైలర్‌తో, ఏ మోడ్ పెట్టాలో తెలియక మెలికలు తిరుగుతాం. ఇందులో ఆటోలో పెట్టేసి మర్చిపోవచ్చు. మిత్సుబిషి 1991లోనే పజెరోలో సెంటర్ డిఫరెన్షియల్ ఇచ్చి తారు మీద కూడా ఫోర్‌వీల్‌లో తిరగనిచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా కొందరు దీన్ని టాప్ మోడల్‌కే దాచిపెడుతుంటే ఒళ్లు మండుతుంది.

ఇంకొకటి, లో రేంజ్ (బండిని చాలా మెల్లగా, ఎక్కువ బలంతో నడిపే గేరు) బురదకే అనుకోకండి. బరువైన ట్రైలర్‌ని ఎత్తు మీదకి మెల్లగా రివర్స్ చేయాలంటే దానంత హాయి ఇంకోటి లేదు, గేర్‌బాక్స్ వేడెక్కదు. నేల గట్టిగా ఉంటే మాత్రం స్టీరింగ్ ఎక్కువ తిప్పకండి, మళ్లీ అదే బిగుసుకోవడం.

ఇక చిరాకు. రివర్స్‌లో దానంతట అదే పడే బ్రేకు! ఇప్పుడు చూపిస్తా. ట్రైలర్ ప్లగ్గు పెట్టాను, లైట్లు వెలుగుతున్నాయి, స్క్రీన్ మీద ట్రైలర్ బొమ్మ మాత్రం రాలేదు. నా ట్రైలర్‌కి ఎల్‌ఈడీ లైట్లు, వాటికి కరెంటు తక్కువ కాబట్టి బండికి తెలియడం లేదని నా అనుమానం. రివర్స్ వేశా... విన్నారా ఆ కూత? కాస్త కదిలానో లేదో... ధడ్! నా ట్రైలర్‌నే గోడ అనుకుని బ్రేకు కొట్టేసింది. ఆపేయాలంటే మెనూలో మూడు మెట్లు దిగాలి. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే దానంతట అదే ఆన్! వెనక నలుగురు హారన్లు కొడుతుంటే నేను మెనూలో వేలు పెట్టుకుని వెతుక్కోవాలా? ఒక్క బటన్ ఇవ్వండయ్యా. కప్పు హోల్డర్లు ఆరిచ్చారు.

కెమెరా మాత్రం బంగారం. టో బాల్ నుంచి ఒక గీత వస్తుంది, దాన్ని ట్రైలర్ మూతికి సూటిగా పెట్టుకుని వెళ్లిపోవడమే. కిందకి దిగి చూసి, మళ్లీ ఎక్కి, ఇంకో జానెడు వెనక్కి... ఆ గొడవే లేదు.

కంపెనీలు చెప్పే అంకెల్ని పోల్చుకోవాలంటే, అమెరికాలో ఎస్‌ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) జే2807 అని ఒక ప్రమాణం ఉంది. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తు ఆధారంగా పరీక్ష, మండుటెండలో, ఏసీ నిండుగా పెట్టి. ఆ ప్రమాణం ప్రకారం ఇచ్చిన అంకె అయితే నమ్మొచ్చు. కాకపోతే అక్కడ తేలేది లాగడం సంగతి. మీ ఐదుగురూ, మీ బంపరూ, మీ టెంటూ ఎక్కాక ఎంత మిగులుతుందో మళ్లీ స్టిక్కరు దగ్గరే చూసుకోవాలి.

నా తీర్పు? ట్రైలర్ రెండు టన్నుల లోపు, బురద నెలకోసారి అయితే ఈ బండి తీసుకోండి, మూడు పనులూ చేస్తుంది. కానీ టాప్ మోడల్ వద్దు. ఫోర్‌వీల్ ఆటో ఉన్న మధ్య మోడల్ తీసుకుని, చిన్న రిమ్ములకి మంచి ఆల్‌టెర్రైన్ టైర్లు వేయించండి. టైరు మీద లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) తగ్గకుండా చూసుకోండి, బండి ఎత్తు పెంచే కిట్ల జోలికి పోకండి. ట్రైలర్ మూడు టన్నులు దాటి, ఇంట్లో ఐదుగురూ కలిసి వెళ్లేవాళ్లైతే ఇది మీ బండి కాదు, ఇంకా పెద్దది చూడండి. నేనైతే? రివర్స్ బ్రేకుకి బటన్ ఇచ్చేదాకా కొనను. చిన్న విషయమే అంటారు, అననివ్వండి. రోజూ ట్రైలర్‌తో రివర్స్ చేసేది నేను కదా.

మీ బండి తలుపు తీసి, ఆ నాలుగు అంకెలూ, మీ ట్రైలర్ బరువూ కామెంట్లో పెట్టండి. వచ్చే వీడియోలో ఒక్కొక్కటీ తీసి లెక్క కడదాం. ఉంటానండీ.